నల్లరాయి దగ్గర దిగిన లంగరు

నది సముద్రంలో కలిసే చోట మడచెట్లతో నిండిన లంకలు రెండున్నాయి. ఒకటి మడలంక, రెండోది గవ్వలంక. మధ్యలో సముద్రపు పాయ. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు పచ్చటి గీతలా కనిపిస్తుంది గానీ, ఈదబోతే నడిమధ్య సుడి నీటికుక్కని సైతం వెనక్కి విసిరేస్తుంది.

మడలంకలో గవరమ్మ అనే గేదె ఉండేది. ఆమె చెల్లెలు నూకాలు గవ్వలంకలో. ఒకే తల్లి బిడ్డలు, ఒకే బురదలో పొర్లి పెరిగినవాళ్ళు. ఓ తుపానుకి ఉప్పెన లేచి ఇద్దర్నీ ఈడ్చుకుపోయింది. నీళ్ళు తీసేసరికి అక్క ఈ లంకలో, చెల్లెలు ఆ లంకలో తేలారు.

వాళ్ళ ఏడుపు వినలేక ముసలి తాబేలు పైడయ్య ఒక పని చేశాడు. తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవ మోకుల్ని ఒకదానికొకటి ముడేసి, సముద్రం అడుగున ఈ లంక నుంచి ఆ లంక దాకా పరిచాడు. రెండు కొసల్నీ చెట్లకి కట్టి గుత్తులుగా గవ్వలు వేలాడదీశాడు. ఇక్కడ లాగితే అక్కడ గవ్వలు గలగలమంటాయి. అప్పటి నుంచి గాలివాన కబుర్లు, పెళ్ళి కబుర్లు, పుట్టుక, చావు అన్నీ ఆ మోకు మీదే నడిచేవి.

సాయంత్రం మాత్రం మోకు అక్కాచెల్లెళ్ళది. గవరమ్మ పళ్ళతో పట్టి నెమ్మదిగా లాగేది, ‘ఉన్నావా?’ అని. కాసేపటికి గవ్వలు కదిలేవి, ‘ఉన్నానే’ అని. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. గవరమ్మ మాత్రం మోకు వదిలి వచ్చేటప్పుడు కడుపునిండా మేసిన దానిలా నడిచేది.

ఒక సాయంత్రం లాగితే మోకు బరువు లేకుండా వచ్చేసింది. ఇంకా లాగింది. ఇంకా వచ్చింది. చివరికి పీచులు లేచిన కొస ఒకటి బురద కక్కుకుంటూ కాళ్ళ దగ్గరికొచ్చి పడింది. గవరమ్మ దాన్ని వాసన చూసి, చీకటి పడినా ఆ ఒడ్డునే అరుస్తూ ఉండిపోయింది.

మర్నాడు లంకంతా ఒడ్డున చేరింది. అందరి చూపూ సరుకుల ఓడ మీదే. ఆ ఓడని నడిపే సరంగు జగ్గప్ప అనే నక్క. తెడ్లు వేసే కళాసీలు ఎలుకలు. ఎండుగడ్డి, ఎండుచేపలు, కొబ్బరికాయలు రెండు లంకల మధ్యా మోసేది ఆ ఓడ ఒక్కటే.

“నిన్న పాయలో తిరిగింది నీ ఓడ ఒక్కటే కదా!” అని మీదికెళ్ళింది నీటికుక్క దాలమ్మ. “లంగరు కిందికి వదిలి ఈడ్చుకుపోయావు. మోకు తెగింది.”

“నోరు జారకు దాలమ్మా,” అన్నాడు జగ్గప్ప తాపీగా తోక దులుపుకుంటూ. “నా లంగరు నిన్న ఓడ మీదే పడుకుంది. కావాలంటే నా కళాసీల్ని అడుగు.”

“అవునవును, పడుకుంది,” అన్నాయి ఎలుకలు, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ.

“మరి మోకెలా తెగింది?”

“నానిన మోకు. ఇవాళ కాకపోతే రేపు తెగుతుంది. సొరచేప కొరికిందేమో, ఎవరికి తెలుసు? చూసినవాళ్ళుంటే ముందుకి రమ్మను.”

చూసినవాళ్ళు లేరు. పైడయ్య అప్పటికి నడిసముద్రంలోకి వెళ్ళి ఉన్నాడు, కాలం మారితే గానీ తిరిగి రాడు. అనుమానం అనుమానంగానే మిగిలింది. జనం విడిపోయాక జగ్గప్ప గవరమ్మ పక్కన చేరి గొంతు తగ్గించాడు.

“నీ బాధ చూడలేకపోతున్నానక్కా. నేను ఎలాగూ వెళ్ళేవాణ్ణే. చెప్పాల్సిన మాట నాతో చెప్పు, మోసుకెళ్తా. వెళ్ళేముందు ఓ కుండెడు పాలు పోస్తే చాలు, నా కళాసీలు నోరు తడుపుకుంటారు.”

“నన్నే ఎక్కించుకోకూడదూ? ఒక్కసారి దాన్ని చూసొస్తాను.”

“నిన్ను ఎక్కిస్తే ఓడ మునుగుతుందక్కా. ఎంత బరువో నీకు తెలీదు.”

గవరమ్మ ఆ పూటే కుండ నింపింది. ఆనాటి నుంచి ఓడ బయల్దేరే ముందు పాలిచ్చేది, మాట ఇచ్చేది. ‘కాలి వాపు తగ్గిందా అని అడుగు’, ‘ఎండకి నీళ్ళలోంచి బయటికి రావద్దని చెప్పు’, ‘రాత్రి కల్లోకొచ్చిందని చెప్పు’. తిరిగొచ్చాక జగ్గప్ప ఒడ్డు మీదకి దూకీ దూకకుండానే జవాబు చెప్పేసేవాడు.

“రోజూ సాయంత్రం ఒడ్డునే నిలబడి ఇటే చూస్తోందక్కా, పాపం. అక్కని బాగా తినమన్నానని చెప్పమంది.”

ఆ మాట కోసం గవరమ్మ పొద్దంతా కాచుకునేది. ఒడ్డున నిలబడి ఆ పచ్చటి గీత వైపు మెడ చాచి చూసేది. అక్కడా ఒకతె ఇలాగే నిలబడి ఉందని అనుకుంటే కళ్ళు మూతపడేవి. అయినా జవాబులన్నీ ఒకేలా ఉన్నాయేమిటని లోపల ఎక్కడో గుచ్చుకునేది. నూకాలు కబుర్ల పుట్ట. తిన్నావా అని అడిగితే ఏం తిన్నదో, ఎవరితో పోట్లాడి తిన్నదో కూడా చెప్పే రకం.

కాలం తిరిగి పైడయ్య వచ్చాడు. సంగతి విన్నాడు. ఏమీ అనకుండా నీళ్ళలో మునిగాడు. మరుసటి పొద్దుకి గానీ తేలలేదు.

“అడుగున ఇసుకలో నాగటిచాలు లాంటి గీత ఉంది తల్లీ. చాలా దూరం ఉంది. సొరచేప కోరలకి చాలు పడదు.”

“గవ్వలంక దాకా వెళ్ళావా తాతా? నూకాలు కనిపించిందా?”

పైడయ్య తల కొంచెం లోపలికి లాక్కున్నాడు. “ఒడ్డున ఎవరూ లేరు. బురద మీద గిట్టల జాడ కూడా లేదు. పాత జాడలు సైతం చెరిగిపోయాయి. గట్టెక్కి లోపలికి వెళ్ళి వెతికే కాళ్ళు నావి కావు.”

రోజూ ఒడ్డునే నిలబడుతోందన్న మాటని ఇన్నాళ్ళూ నెమరేసుకుంటూ బతికింది గవరమ్మ. ఇప్పుడు నోట్లో గడ్డి లేదు, ఉత్తి గాలే ఉంది.

“జగ్గప్పని చీల్చేద్దాం పద!” అంది దాలమ్మ.

“చీలిస్తే నిజం రాదు, నెత్తురొస్తుంది,” అంది గవరమ్మ. “నాకు నా చెల్లెలు కావాలి. మీరిద్దరూ ఏమీ తెలియనట్టు ఉండండి.”

ఓడ బయల్దేరే వేళకి ఎప్పట్లాగే పాలిచ్చి, జగ్గప్ప చెవి దగ్గర మూతి పెట్టింది.

“నాయనా, ఇది నీ కడుపులోనే ఉంచుకో. పైడయ్య తాత మన ఒడ్డు దగ్గరి నల్లరాయి పక్కనుంచి కొత్త మోకు వేసేశాడు. రేపు నూకాలుని అక్కడికి ఎదురుగా ఉన్న ఒడ్డుకి రమ్మను. కొస అందుకుని చెట్టుకి కట్టమను. ఇంకెవరికీ తెలీదు.”

“అయ్యో, ఎంత మంచి మాట చెప్పావక్కా!” అన్నాడు జగ్గప్ప. మిగిలిన పాలు ఒక్క గుక్కలో తాగేసి ఓడ ఎక్కాడు.

నల్లరాయి పక్కన ఏ మోకూ లేదు. ఉన్నవల్లా నీళ్ళ కింద కోరల్లా నిలబడ్డ రాళ్ళు.

మర్నాడు ఆకు కూడా కదలని ఎండ. ఏ పనీ లేని చోటుకి, నల్లరాయి వైపుకి, సరుకుల ఓడ తెడ్లు వేసుకుంటూ వచ్చింది. ఎలుకలు లంగరు దించాయి. జగ్గప్ప “లాగండి, లాగండి!” అంటున్నాడు. ఓడ నాలుగు బారలు వెళ్ళిందో లేదో కిర్రుమని ఆగిపోయింది. లంగరు రాతి సందులో ఇరుక్కుంది. వెనక్కి లాగితే రాదు, ముందుకి లాగితే రాదు. పాటు మొదలై నీళ్ళు తీస్తుంటే ఓడ ఒక పక్కకి ఒరిగింది. దాలమ్మ పిలుపుకి మడచెట్ల చాటు నుంచి మడలంక మొత్తం ఒడ్డుకి వచ్చి నిలబడింది.

“గాలి ఎక్కువైంది, అందుకే లంగరు వేశాం!” అని అరిచాడు జగ్గప్ప.

గాలే లేని ఎండలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో ఫక్కున నవ్వారు. గవరమ్మ నవ్వలేదు. మెడలోతు నీళ్ళలోకి నడిచి ఓడ పక్కన నిలబడింది.

“ఇక్కడ కొత్త మోకు ఉందని నీ ఒక్కడికే చెప్పాను, జగ్గప్పా.”

నక్క నోరు తెరిచేలోగా, “మేం అప్పుడే వద్దన్నాం! మోకుంటే మనకి పాలెవరిస్తారని ఈయనే అన్నాడు!” అని ఎలుకలు ఒక్క గొంతుతో మొదలెట్టాయి.

“పాల సంగతి వదిలెయ్యండి,” అంది గవరమ్మ. “నా చెల్లెలికి ఏం చెప్పావు?”

“మొదట్లో దాని దగ్గరా పాలు పుచ్చుకున్నా, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. తర్వాత అది ఒట్టిపోయింది. అయినా రోజూ ఒడ్డుకొచ్చి అక్కేమందీ, అక్కేమందీ అని ప్రాణం తీసేది. అందుకని... నువ్వు మందతో లంక వదిలి మెరకకి వెళ్ళిపోయావనీ, ఇక ఎదురుచూడొద్దన్నావనీ చెప్పేశా.”

దాలమ్మ ఓడ అంచు పట్టుకుని ఊపింది. “ముంచేద్దాం దీన్ని!”

“ముంచితే నన్నెవరు దాటిస్తారు?” అంది గవరమ్మ.

లంగరు తాడు కొరికి ఓడని విడిపించారు. గవరమ్మ ఎక్కింది. ఓడ కాస్త కిందికి దిగింది, అంతే. మునగలేదు. జగ్గప్ప చుక్కాని పట్టాడు, పక్కన దాలమ్మ పళ్ళు చూపిస్తూ కూర్చుంది.

గవ్వలంకలో దిగి, గవరమ్మ అడుగడుగునా అరుచుకుంటూ లోపలికి నడిచింది. లంక దాటి, అవతలి ఒడ్డున, మడలంక కనిపించని వైపుకి తిరిగి నిలబడి ఉంది నూకాలు. బాగా చిక్కిపోయింది. పిలుపు విని వెనక్కి తిరిగింది గానీ దగ్గరికి రాలేదు.

“వెళ్ళిపోయానన్నావుగా.”

“నేననలేదే. చెప్పినవాడే నన్ను తీసుకొచ్చాడు, చూడు.”

అప్పుడు నూకాలు మెడ గవరమ్మ మెడ మీద వాలింది. ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. నూకాలు కాళ్ళ చాటు నుంచి ఒక పసిదూడ తల బయటపెట్టి చూసింది.

“ఇదెవర్తే?”

“నాదే. నువ్వు వెళ్ళిపోయావని విన్నాక పుట్టింది.” నూకాలు దూడని మూతితో ముందుకి తోసింది. “దీని పేరు గవరి. రోజూ పిలవడానికి ఆ పేరైనా ఉంటుందనీ...”

గవరమ్మ దూడ నుదురు నాకింది. నాకుతూనే ఉంది.

దూడ సుడి దాటే వయసు కాదు. గవరమ్మని నమ్ముకుని మడలంకలో మంద ఉంది. అందుకని వానలు పడేదాకా చెల్లెలి దగ్గరుండి, తర్వాత గవరమ్మ తిరిగి ఓడ ఎక్కింది. ఓడ కదిలాక వెనక్కి చూడకూడదనుకుంది గానీ, ఆ ఒడ్డు పచ్చటి గీతగా మిగిలేదాకా చూస్తూనే ఉంది.

కొత్త మోకు నక్క చేతే, ఎలుకల చేతే పరిపించారు. అలలకి కదలకుండా నడిపాయలో దాని మీద బరువు కావాల్సి వస్తే, పైడయ్య రాతి సందులోంచి జగ్గప్ప లంగరు ఊడబీకి తెచ్చి పెట్టాడు. లంగరు లేని ఓడతో జగ్గప్ప ఇప్పటికీ తిరుగుతున్నాడు, ఎక్కడా ఆగి ఊపిరి పీల్చుకోలేక.

నీతి: ఎదురుచూసేవాళ్ళ మధ్య మాట తెంచి బతకబోయినవాడికి చివరికి నిలబడే చోటే కరువవుతుంది.