కాటుకమ్మ తెలగపిండి ఉండలు

సోమవారం వస్తే ఆ సరస్సు పార్కుకి సెలవు. కాపలాదారు గేటుకి తాళం వేసి ఊళ్లోకి వెళ్లిపోతాడు. హంస బొమ్మల పడవలు రేవులో వరసగా కట్టేసి ఉంటాయి. జారుడుబల్ల మీద ఎండ తప్ప ఎవరూ జారరు. కార్తీకమాసంలో అలాంటి ఒక సోమవారం చూసుకుని, వెనకవైపు కంచె విరిగిన చోట దూరి, జంతువులు వనభోజనానికి వస్తాయి. ఎవరి పొట్లం వాళ్లు తెచ్చుకుని ఉసిరిచెట్టు కింద పెడతారు. ఆడినంతసేపు ఆడి, ఆకలేసినప్పుడు తింటారు.

ఆ ఏడు నలుగురు వచ్చారు. ముసలి గేదె కాటుకమ్మ, తొందర అంటే ఏమిటో ఎరగని ఎద్దు వీరన్న, కాలు ఒకచోట నిలవని మేక రవ్వ, పిలవకపోయినా ముందు నడిచే గుంటనక్క తోకయ్య.

కాటుకమ్మకి ఈ ఒక్కరోజంటే ప్రాణం. ఏడాది పొడుగునా బురదగుంటలో పొర్లినా, ముక్కు మాత్రం పైకి పెట్టి ఆ లోతు నీళ్లలో తేలే సుఖం ఇంకెక్కడా దొరకదు. కానీ ఈమధ్య ఆమెకి ఒక బెంగ పట్టుకుంది. మొన్న పక్కవాళ్ల కొట్టంలోకి వెళ్లి, తన గాడే అనుకుని గడ్డి మేసింది. రవ్వని వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచింది. అందుకే బయల్దేరేముందు, "కొమ్ములు రెండు, తోక ఒకటి, పొట్లంలో ఉండలు నాలుగు" అని రెండుసార్లు చూసుకుంది. అవి నువ్వులు గానుగాడగా మిగిలిన తెలగపిండికి బెల్లం పట్టించి చేసిన ఉండలు. మోదుగాకులో చుట్టి తెచ్చుకుంది.

"మీరు హాయిగా ఆడుకోండి. పొట్లాలకి నేను కాపలా ఉంటాను," అన్నాడు తోకయ్య, చెట్టు కింద చతికిలబడి.

రవ్వ జారుడుబల్ల ఎక్కింది. "వీరన్నబావా, నువ్వూ రా!"

"నేనెక్కితే అది జారదే తల్లీ, విరుగుతుంది," అని వీరన్న గట్టుమీద నీడలో పడుకున్నాడు.

కాటుకమ్మ నీళ్లలోకి దిగింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా తేలింది. ఒడ్డుకొచ్చి ఒళ్లు దులుపుకుని, ఆకలితో పొట్లం దగ్గరికి వెళ్లింది. మోదుగాకు ఉంది. ఉండలు లేవు.

"తోకయ్యా, నా ఉండలేవిరా?"

తోకయ్య నోరు వెళ్లబెట్టాడు. "అదేంటి పెద్దమ్మా! నీళ్లలోకి దిగేముందు నువ్వే తిన్నావుగా! బెల్లం బాగా కుదిరిందని కూడా అన్నావు!"

"నేనా?"

"అయ్యో పాపం, మరిచిపోయింది," అన్నాడు తోకయ్య మిగతా ఇద్దరికేసి చూసి. "వయసు మరి. వచ్చే ఏడు పెద్దమ్మని తీసుకురాకపోతేనే మంచిదేమో. ఏ లోతులోకో వెళ్లి, బయటికి రావాలన్న సంగతే మరిచిపోతే?"

రవ్వ తల వంచుకుంది. "అవును పెద్దమ్మా, మొన్న నన్ను కూడా..."

"పోనీలే పెద్దమ్మా, నా చొప్పలో సగం తిను," అన్నాడు వీరన్న మెత్తగా.

ఆ మెత్తదనమే కాటుకమ్మకి గుచ్చుకుంది. నిజంగానే తిన్నానా? ఎంత తవ్వుకున్నా గుర్తురాదు. వచ్చే ఏడు ఈ నీళ్లు లేవన్నమాట. ఒక పక్కకి వెళ్లి, ముందుకాళ్లు ముడుచుకుని పడుకుంది. దిగులుగా ఉన్నా నోరు ఊరుకోదు కదా, నెమరు మొదలైంది.

మొదట పొద్దున గట్టుమీద మేసిన గరిక వచ్చింది. తర్వాత పెసరపొట్టు వచ్చింది. మళ్లీ గరికే. కాటుకమ్మ నమలడం ఆపి, ఇంకో ముద్ద పైకి తెచ్చుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూసింది. నువ్వుల వాసన లేదు. బెల్లం తీపి లేదు.

గేదె తిన్నది నోటికి తిరిగి రాకుండా ఎక్కడికి పోతుంది? ఆ సంగతి వీరన్నకి తెలుసు, రవ్వకి తెలుసు. గుంటనక్కకెలా తెలుస్తుంది?

కాటుకమ్మ లేచి, తీరిగ్గా తోకయ్య ముందుకొచ్చింది. "నువ్వన్నదే నిజం నాయనా. తినేసుంటాను. ఒకందుకు మంచిదేలే, అందులో మందు కలిపి తెచ్చుకున్నా."

తోకయ్య చెవులు నిక్కాయి. "మందా? ఏం మందు?"

"మోకాళ్ల నొప్పులకి. కొమ్ములున్నవాళ్లకి అమృతమేనట. కొమ్ముల్లేనివాళ్లు తింటే మాత్రం..."

"తింటే?"

"ఏదో అవుతుందన్నారు. తోక ఊడుతుందన్నారో, గొంతు పడిపోతుందన్నారో... మరిచిపోయానురా."

"దానికి విరుగుడు లేదా?"

"ఉంది. చెప్పారు కూడా. అదే గుర్తురావడంలేదు."

"గుర్తు తెచ్చుకో పెద్దమ్మా! నిదానంగా ఆలోచించు!" తోకయ్య వెనక్కి తిరిగి తోక చూసుకున్నాడు.

"ఎలా వస్తుందిరా? వయసు మరి. అయినా నీకెందుకంత కంగారు? తిన్నది నేనేగా!"

"నేను తిన్నది మూడే!" అని అరిచాడు తోకయ్య. "నాలుగోది ఆ చివరి హంస పడవలో దాచాను! తీసుకో, విరుగుడు మాత్రం చెప్పు తల్లీ!"

రవ్వ ఒక్క గెంతులో పడవలోకి దూకి ఉండ తెచ్చింది. వీరన్న జీవితంలో మొదటిసారి తొందరగా లేచాడు.

"ఆగు వీరన్నా, ఇప్పుడు గుర్తొచ్చింది," అంది కాటుకమ్మ. "పొద్దు గుంకేదాకా పీకల్లోతు నీళ్లలో కూర్చోవాలి."

తోకయ్య వెనకాముందూ చూడకుండా నీళ్లలోకి దూకాడు. కార్తీకపు నీళ్లకి పళ్లు టకటకలాడుతుంటే, ఒడ్డున ముగ్గురూ ఆ ఒక్క ఉండనీ, వీరన్న చొప్పనీ, రవ్వ తెచ్చిన రావాకునీ పంచుకు తిన్నారు.

"వచ్చే ఏడు పొట్లాలన్నీ నీ దగ్గరే పెట్టుకోవాలి పెద్దమ్మా," అంది రవ్వ.

పొద్దు వాలాక ఇంటిదారి పట్టారు. కంచె దాటేముందు కాటుకమ్మ వెనక్కి తిరిగి కేకేసింది. "ఒరే తోకయ్యా! అసలు ఆ ఉండల్లో మందు కలిపానో లేదో, అది కూడా గుర్తులేదురా!"

నీళ్లలోంచి ఏదో తిట్టు వినబడింది. వణుకులో అది ఎవరికీ అర్థం కాలేదు.

రెండు బాటలు చీలే చోట కాటుకమ్మ ఆగింది. "ఎటు వెళ్లాలే రవ్వా?"

"ఎడమకి, పెద్దమ్మా."

"ఆ, ఎడమకే," అని నవ్వుకుంటూ, మిగిలిన బెల్లం తీపిని నెమరేసుకుంటూ నడిచింది కాటుకమ్మ.

నీతి: ఎదుటివారి మతిమరుపును అడ్డం పెట్టుకుని దొంగతనం చేసినవాడు, చివరికి ఆ మతిమరుపు చేతికే చిక్కుతాడు.