రాజుగారి ఆవలింత

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కొండడవిలో వాగు ఎండిపోయింది. గుట్ట అవతల గేదెల రాజ్యంలో మాత్రం పెద్ద మడుగు నిండుగా ఉంది. రెండు నెలలు నీళ్ళు తాగనివ్వమని అడగడానికి సింహరాజు భీమసింగం స్వయంగా బయల్దేరాడు. వెంట అతని మంత్రి అయిన నక్క చిత్తరయ్య.

అడగడానికి పోయేవాడు కాస్త అణకువగా పోవాలా వద్దా? మన రాజు పొట్ట పగిలేలా తిని మరీ పోయాడు. గేదెల పెద్ద ముద్దమ్మ ఎదురొచ్చి, దూడల చేత స్వాగతం పాట పాడించింది. రెండో చరణం అందుకోకముందే రాజు గుహంత నోరు తెరిచి ఆవలించాడు. ఆపైన అటు తిరిగి, తోక ముద్దమ్మ వైపు పెట్టి పడుకున్నాడు.

చిత్తరయ్యకు ప్రాణం చివుక్కుమంది. "ప్రభూ, పాట ఇంకా అవలేదు" అని చెవిలో గొణిగాడు.

"అయ్యాక లేపు" అన్నాడు రాజు.

పాట అయ్యాక చిత్తరయ్యే నీళ్ళ మాట ఎత్తాడు. ముద్దమ్మ విని, "వచ్చిన చుట్టం ఇంటికి మేమూ ఒకసారి పోయి చూశాకే అవునో కాదో చెప్తాం. అది మా ఆచారం. వారంలో వస్తాం" అంది.

వీళ్ళు ఇల్లు చేరేలోపే కాకి ఊరంతా చాటేసింది. గుహ ముందు జనం మూగారు.

"పరువు తీశాడు" అంది కోతి.

"మన రాజు ఎవడికీ తల వంచడు. అదీ దమ్మంటే" అన్నాడు దుమ్ములగొండి.

"ఆ దమ్ము గొంతు తడపదు నాయనా" అన్నాడు ముసలి గాడిద ఓబులు. "నా మనవరాలు మూడు రోజుల్నుంచీ బురద నాకుతోంది. పోయి తప్పయిందని చెప్పి రమ్మనండి."

లోపల రాజు గుర్రుమన్నాడు. "నేను తప్పయిందనడమా? ఏదో ఒకటి చెప్పి సర్దెయ్. లేదంటే నీ పదవి తోడేలుకిస్తా."

పదవి మాట వినేసరికి చిత్తరయ్యకు బుర్ర పాదరసంలా పనిచేసింది. బయటికొచ్చి బండరాయెక్కి నిలబడ్డాడు. "పిచ్చివాళ్ళలారా, గేదెల దేశంలో ఆవలించి వీపు చూపించడమంటే ఏమనుకున్నారు? మీ దగ్గరున్నంత నిశ్చింత మరెక్కడా లేదని చెప్పడం. అంతకు మించిన మర్యాద వాళ్ళకు లేదు."

జనం ఒక్కొక్కరే ఇళ్ళకు మళ్ళారు. కోతి బుర్ర గోక్కుంది. చిత్తరయ్య హాయిగా పోయి నిద్రపోయాడు.

వారం తిరిగింది. ముద్దమ్మ పది గేదెలతో వచ్చింది. దారికి రెండు పక్కలా అడవంతా బారులు తీరింది. రాజును వెంటబెట్టుకుని చిత్తరయ్య పూలదండతో ఎదురెళ్ళాడు. ముందు ఏనుగు ఆవలించి అటు తిరిగింది. తర్వాత పందులు, దుప్పులు, కోతులు. కొంగలు కూడా ముక్కులు బార్లా తెరిచాయి. మొత్తం రెండు వందల తోకలు ముద్దమ్మకు స్వాగతం పలికాయి.

చిత్తరయ్య చేతిలో దండ జారిపోయింది. "ఇటు తిరగండ్రా, మీ దుంపతెగ" అని పళ్ళు నూరాడు.

"అదేంటి మంత్రిగారూ, సరిగా ఆవలించలేదా?" అన్నాడు ఓబులు, అందరికీ వినపడేలా. "పొద్దుట్నుంచీ పిల్లల చేత సాధన చేయించాం. నీళ్ళిచ్చే తల్లికి మర్యాదలో లోటు రాకూడదు కదా."

ముద్దమ్మ ఆగింది. "ఇది మర్యాదని ఎవరు చెప్పారన్నా?"

"మంత్రిగారే, తల్లీ. మీ ఆచారమటగా."

ముద్దమ్మ చిత్తరయ్యను చూసింది. రాజును చూసింది. రాజు గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆమెకు కోపం రాలేదు, నవ్వాపుకోలేక కొమ్ములు ఊగిపోయాయి.

"మీవాళ్ళను రేపట్నుంచి మడుగుకు తోలుకురా అన్నా. పెద్దమనసున్న జనం మీరు. వీళ్ళిద్దరికి మాత్రం, తప్పయిందని మీ అందరి ముందూ అనేదాకా చుక్క కూడా లేదు."

రాజు రెండు రోజులు బింకంగా కూర్చున్నాడు. మూడో రోజు నాలుక పిడచకట్టి, మడుగు గట్టున అడవి జనం ముందూ, దూడల ముందూ ఆ మాట అనేశాడు. చిత్తరయ్య అంతకు ముందు రోజే మూడుసార్లు అన్నాడు గానీ, గొణగడం వల్ల లెక్కలోకి రాలేదని ముద్దమ్మ నాలుగోసారి అనిపించింది.

నీతి: చేసిన తప్పును మర్యాద అని చెప్పుకుంటే, ఊరంతా ఆ మర్యాదే నేర్చుకుంటుంది.