భద్రుడికి పొగాకు వైద్యం

పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం పక్కన కోళ్ల గూడు. గూటికి కాపలా భద్రుడనే కుక్క. కాపలా సంగతి దేవుడెరుగు, వాడికి పొద్దస్తమానం గోక్కోవడంతోనే సరి. ఒంటినిండా గెంతే పేలు! చెవి గోక్కుంటే తోకలో, తోక కొరుక్కుంటే చంకలో. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు. కోళ్లు కూడా వాడిని చూసి నవ్వడం మొదలెట్టాయి.

ఒకరోజు నక్కబావ ముంత మోసుకొచ్చి, భద్రుడి పక్కనే ఆనుకుని కూర్చున్నాడు.

"ఏం బావా, అలా చిక్కిపోయావ్?"

"పేలు బావా. ప్రాణం తోడేస్తున్నాయి."

"పిచ్చిమొహమా, ముందే చెప్పొద్దూ? పొగాకు కాడలు నానబెట్టిన నీళ్లివి. మా తాతమ్మ నాటి ఇంటి మందు. చెట్టు నుంచి వచ్చింది చెడెందుకు చేస్తుంది? ఒళ్లంతా పట్టించి హాయిగా పడుకో."

నక్క అటు వెళ్లాడో లేదో, భద్రుడు ముందుకాలికి పట్టించేశాడు. కాలు చుర్రుమంది. కుక్క కదా, చుర్రుమంటే ఊరుకుంటాడా? నాకేశాడు. కాసేపటికి నోట్లో నురగ, కడుపులో తిప్పుడు, కాళ్లు గజగజ. "చచ్చాన్రోయ్!" అని కూలబడ్డాడు.

నెమరేస్తున్న బర్రె పుల్లమ్మ లేచొచ్చింది. "ఓరి సన్నాసీ, నాకావా?"

"నాకకుండా ఎట్టా ఉంటా పెద్దమ్మా?"

"మరి నీ ఒంటికేం రాసినా నీ కడుపులోకే పోద్దని తెలీదూ? పచ్చి పొగాకు కోసే కూలోళ్లకే కళ్లు తిరిగి వాంతులవుతాయి. నువ్వెంత!"

వాణ్ణి తొట్టి దగ్గరికి నెట్టి కాలు కడిగించింది. రైతు కోటినాగులు వచ్చేదాకా అరిచి గోల చేసింది. ఆయన భద్రుణ్ణి పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్లాడు. సూదులు పడ్డాయి, పేలకి అసలైన మందూ పడింది. వాడు పడుకునే గోనెపట్టా ఉతికి ఎండేశారు. భద్రుడు బతికి బయటపడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం వాడు నీరసంగా పడుకుని ఉంటే నక్క వచ్చాడు. కదలని కుక్కని చూసి, "పోయాడు వెధవ!" అని గూటి తలుపు మీద చెయ్యేశాడు. వేసిన చెయ్యి తీసి చంక గోక్కున్నాడు. మళ్లీ గోక్కున్నాడు. నిన్న ఆనుకుని కూర్చున్నప్పుడు భద్రుడి పేలు కొన్ని మకాం మార్చాయి మరి.

భద్రుడు లేచి తోక పట్టేశాడు. "అయ్యో బావా, దురదా? నీ మందు ముంతలో ఇంకా మిగిలే ఉంది. ఒళ్లంతా పోస్తానుండు!"

"వద్దురా బాబూ! అది విషంరా!"

ఆ మాట వినగానే కోళ్లన్నీ గూటి తలుపు తోసుకుని బయటికొచ్చాయి. ఇరవై ముక్కులూ కలిసి నక్క వీపు మీద పడ్డాయి. నక్క ప్రాణాలతో పారిపోయాడు గానీ, తోక సగం భద్రుడి నోట్లోనే ఉండిపోయింది.

ఇంటి మందైనా, చెట్టు మందైనా, ఇచ్చినవాడు తన ఒంటికి రాసుకోనిది మనం రాసుకోకూడదు.