అడగకుండా పంపిన పులిహోర

గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో పేర్రాజు అనే వంటమేస్త్రి ఉండేవాడు. పెట్టడంలో అతని చెయ్యి ఎంత పెద్దదో, ఎదుటివాళ్ళని అడగడంలో అతని నోరు అంత చిన్నది. ఆ వైపు ఇంటికొచ్చినవాళ్ళని "భోంచేస్తారా?" అని అడగరు. అడిగితే పెట్టే ఉద్దేశం లేదని అర్థం. కాళ్ళకి నీళ్ళిచ్చి, విస్తరి వేసేస్తారు. పేర్రాజు లోకంలో అందరి విషయంలోనూ ఆ మర్యాదే పాటించేవాడు.

ఒక ఏడు వరదొచ్చి, ఏటి మధ్యనున్న లంక ఊళ్ళు మునిగిపోయాయి. లంకలవాళ్ళంతా ఏటిగట్టు చివరనున్న బడిలో తలదాచుకున్నారు. పేర్రాజు దగ్గర ఏళ్ళ తరబడి పిండి రుబ్బిన మంగాయమ్మ కూడా వాళ్ళలో ఉందని తెలిసింది. అతని ప్రాణం ఆగలేదు. గుండిగలకొద్దీ పులిహోర కలిపించి లారీకి ఎక్కించాడు.

సంగతి తెలిసి, అక్కడ సహాయ బృందాన్ని నడుపుతున్న రోజమ్మ ఫోన్ చేసింది. నిద్రలేక ఆమె గొంతు బొంగురుపోయింది.

"పేర్రాజుగారూ, దండం పెడతానండి, కాస్త ఆగండి. అన్నం చాలా వచ్చింది. ఏం కావాలో కనుక్కుని నేనే చెబుతాను. గట్టు మీద ఒక్క బండికే దారుంది."

"ఆకలితో ఉన్నోళ్ళని ఏం కావాలని అడుగుతారటండీ? అదేం మర్యాదండీ?" అని పేర్రాజు ఫోన్ పెట్టేసి, కూలీలతో లారీ ఎక్కి బయల్దేరాడు.

బడి కనబడుతూండగానే లారీ చక్రం నానిన గట్టులో దిగబడిపోయింది. వెనకే మంచినీళ్ళ ట్యాంకరు వచ్చి ఆగింది. పక్కనుంచి వెళ్దామంటే రెండు వైపులా వరదే.

పేర్రాజు దిగి బడికి పరుగెత్తాడు. గుమ్మం పక్కన పాచిపోయిన అన్నం పొట్లాలు గుట్టపడి ఉన్నాయి. మందులివ్వాల్సిన కార్యకర్తలు వాటిని పూడ్చడానికి గొయ్యి తవ్వుతున్నారు. లోపల మంగాయమ్మ చాప మీద పడి ఉంది. దాహం ఆగక వరదనీళ్ళు తాగిందట. వాంతులు, విరేచనాలతో కళ్ళు గుంటలు పడిపోయాయి.

రోజమ్మ కోప్పడలేదు. "ఆ ట్యాంకరు కోసమే పొద్దుటినుంచీ చూస్తున్నామండి," అంది, అంతే. పేర్రాజుకి సిగ్గుతో ప్రాణం పోయినంత పనయింది.

బుద్ధెరిగాక మొదటిసారి అతను అడిగాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారమ్మా?"

"నీళ్ళు మొయ్యడానికి గిన్నెలు కావాలండి. మనుషులు కావాలి."

పేర్రాజు తన చేత్తో కలిపిన పులిహోరని తనే గట్టు వారన కుమ్మరించాడు. గుండిగలు ట్యాంకరు నీళ్ళతోనే కడిగి, దాని కింద పెట్టి నింపాడు. కూలీలతో కలిసి బడిదాకా మోశాడు. భుజాలు ఒరుసుకుపోయినా ఆగలేదు. మొదట వచ్చిన నీళ్ళలోనే రోజమ్మ ఉప్పు, పంచదార కలిపి మంగాయమ్మకి గుక్కగుక్కగా పట్టించింది.

సాయంత్రానికి మంగాయమ్మ కళ్ళు తెరిచింది.

"పులిహోర తెచ్చారటగా బాబూ," అంది నీరసంగా. "నాకు పులుపు పడదు. ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా అడిగారా?"

పేర్రాజు తల వంచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మళ్ళీ వరదొచ్చినప్పుడు అతను పొయ్యి వెలిగించలేదు. ముందు రోజమ్మకి ఫోన్ చేసి, "ఏం పంపమంటారండీ?" అని అడిగాడు.

నీతి: ఆపదలో ఉన్నవారికి మనకు తోచింది పట్టుకెళితే సాయం కాదు, అక్కడ పాటుపడుతున్నవారిని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పిన వేళకి అందించడమే సాయం.