గంధర్వపురానికి నడకదారి

ఇందుమతి కట్టిన లోయలో ఎవరూ నాలుగు నిమిషాలకు మించి ఉండటం లేదు.

అది కంప్యూటర్‌లో కట్టిన లోయ. విశాఖపట్నంలో ఓ మేడ మీద ఐదుగురు కలిసి చేస్తున్న చిన్న వీడియో గేమ్‌లోది. గంధర్వులకు ఉత్తరాలు మోసే పిల్ల కథ ఆ గేమ్. ఏటి ఒడ్డున బయల్దేరి, లోయంతా ఎక్కి, కొండ కొసనున్న గంధర్వపురానికి ఉత్తరం చేర్చాలి. కొండలు, ఏరు, చెట్లు, రాళ్లు, అన్నీ ఇందుమతి ఎనిమిది నెలల కష్టం.

ప్రతి శనివారం బయటివాళ్లను పిలిచి ఆడించేవారు. వచ్చినవాళ్లు "అబ్బ, ఎంత బాగుందో!" అనేవారు. నాలుగో నిమిషంలో ఆట ఆపి ఫోన్ చూసుకునేవారు. ఆసుపత్రిలో నర్సుగా చేసే కరుణ అయితే మూడు నిమిషాలకే "బాగుందండీ, వస్తాను" అని లేచింది. మర్యాదస్తురాలు కాబట్టి గుమ్మం దాటాకే ఆవలించింది.

కంపెనీ నడిపే సుదర్శన్ చెడ్డవాడేం కాదు. "వచ్చే శనివారం కూడా ఇంతే అయితే రెడీమేడ్ లోయ ఒకటి తెచ్చి పెట్టేద్దాం ఇందూ" అన్నాడు. అంటే ఎనిమిది నెలలూ చెత్తబుట్టలోకి.

ఇందుమతికి ఏడుపొచ్చింది. ఏడవకుండా ఎనిమిదో జలపాతం పెట్టింది. అదీ చాలదనిపించి తవిటయ్య మాస్టారి దగ్గరికి వెళ్లింది.

తవిటయ్య మాస్టారు ముప్పై అయిదేళ్లు సర్వే శాఖలో భూమి కొలిచే గొలుసు పట్టుకుని మన్యం కొండలన్నీ తిరిగిన మనిషి. రిటైరయ్యాక ఈ పిల్లలకు కొండ ఎలా ఉంటుందో చెప్పడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కంప్యూటర్ మీద ఒక్కో అక్షరం వెతుక్కుని కొడతారు. ఇందుమతికి నేల గురించి తెలిసిందంతా ఆయన దగ్గరే.

"ఇంకా ఏం పెట్టాలి మాస్టారూ?" అని అడిగింది.

"ముందు సూపించమ్మా."

ఆమె చూపించింది. ఇలాంటి లోకాలు కట్టేవాళ్లు కట్టేది గాల్లో తేలుతూనే. ఒక కీ నొక్కి ఉంచితే గద్దలా పైకి లేచి, ఎక్కడికి కావాలంటే అక్కడికి పోవచ్చు. ఇందుమతి కొండల మీదుగా రయ్యిన ఎగురుతూ జలపాతాలన్నీ చూపించింది. వెలుగులు చిమ్మే అడవినీ, గాల్లో వేలాడే రాళ్లనూ చూపించింది. నిజంగానే చూడముచ్చటగా ఉంది.

"పైకి లేపే కీ ఏదమ్మా?"

"ఇదిగో, ఇది."

మాస్టారు బొటనవేలి గోటితో ఆ కీని ఊడబీకి చొక్కా జేబులో వేసుకున్నారు.

"అయ్యో మాస్టారూ! అదేంటి?"

"టీ తాగొస్తాను" అని ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఇందుమతికి ఒళ్లు మండిపోయింది. ఆ పనిని ఇంకో కీకి అప్పజెప్పడం ఆమెకు అర నిమిషం పని. చెయ్యి కీబోర్డు దాకా వెళ్లింది కూడా. కానీ మాస్టారు ఊరికే ఏదీ పీకే మనిషి కాదు. కాసేపు కూర్చుని, ఉత్తరాల పిల్లను ఏటి ఒడ్డున నిలబెట్టి, నడిపించడం మొదలుపెట్టింది.

ఎనిమిది నెలల్లో ఆ లోయలో ఆమె నడవడం అదే మొదటిసారి.

మూడు వారాలు కూర్చుని చేసిన పెద్ద జలపాతం దారిలోంచి కనిపించనే లేదు. దానికి అడ్డంగా బండరాయి ఉంది. ఆ బండనూ పెట్టింది తనే. ఒకచోట ఏటి నీళ్లు ఎదురెక్కి ప్రవహిస్తున్నాయి. ఎక్కుడు దారి చూస్తే ఎంతకీ తెగదు. పిల్ల రొప్పుతోంది, సంచి దించుకోవడానికి చోటు లేదు. వెళ్లాల్సిన ఊరు ఎటుందో అసలే తెలియదు. నాలుగో నిమిషంలో ఇందుమతికే లేచిపోవాలనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మాస్టారు తిరిగొచ్చేసరికి ఆమె తల వంచుకుని జలపాతాలు తీసేస్తోంది.

"దారి ఎటు వెయ్యాలి మాస్టారూ?"

"నడువమ్మా. మళ్లీ మళ్లీ నడువు. నీ కాళ్లు ఎటు పోతే అటే."

ఆ వారమంతా ఆమె నడిచింది. ఏటి ఒడ్డు నుంచి కొండ కొసకు, మళ్లీ ఏటి ఒడ్డు నుంచి. ఎక్కడ కాలు పక్కకు లాగితే అక్కడ దారిని పక్కకు తిప్పింది. బండను జరిపింది. ఏటిని పల్లానికి మళ్లించింది. రెండో మలుపు దగ్గర ప్రతిసారీ ఆగబుద్ధి అయ్యేది. అక్కడో కానుగ చెట్టు నాటి, దాని కింద బల్లపరుపు రాయి ఒకటి వేసింది. ఆ రాయి మీద నుంచి చూస్తే, రెండు కొండల సందున గంధర్వపురం గోపురం ఒక్కటే, దూరంగా, చిన్నగా కనిపించేలా చేసింది. ఎనిమిది జలపాతాల్లో రెండే మిగిలాయి.

శనివారం వచ్చింది. మళ్లీ పిలిస్తే కరుణ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఆడటానికి కూర్చుంది. ఇందుమతి గోడకు ఆనుకుని నిలబడింది.

నాలుగు నిమిషాలు దాటాయి. ఏడు. తొమ్మిది.

అంతలో తెర మీద కదలిక ఆగిపోయింది. ఉత్తరాల పిల్ల కానుగ కింద రాయి మీద ఉంది, అంతే. నిమిషం గడిచింది. సుదర్శన్ కంగారుగా ముందుకొచ్చాడు.

"హ్యాంగ్ అయిందా?"

ఇందుమతి పరుగున వెళ్లింది.

"లేదండీ, బాగానే ఉంది" అంది కరుణ, తెర మీంచి చూపు తిప్పకుండా. "పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాను. ఇక్కడ నీడ బాగుంది, కాసేపు కూర్చున్నాను. ఆ ఊరికి వెళ్తానులెండి."

సుదర్శన్ నెమ్మదిగా వెనక్కి వెళ్లి, తనూ ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇందుమతి వరండాలోకి వచ్చింది. మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"కూర్చుంది మాస్టారూ" అంది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆమె ముఖంలోకి చూశారు.

"కూకుందా? అయితే అది నిజమైన నేలేనమ్మా."