గడియల మఠంలో రెండు గిన్నెలు

గడియల మఠంలో రెండు రాగి గిన్నెలు ఒకేసారి మునగడం మానేసి చాలా రోజులైంది. పెద్ద గిన్నె ఇంకా నీటిపై తేలుతుండగానే చిన్న గిన్నె నిండి అడుగుకు చేరుతోంది. తేడా రెండు మూడు ఊపిరులకు మించదు. అయినా ఆపాటి తేడా వామనుడికి నిద్ర పట్టనివ్వలేదు. పెద్ద గిన్నె అతడి సంరక్షణలో ఉంది. చిన్న గిన్నె దగ్గర కూర్చునేది గౌరాంబ.

పెన్నానది మలుపు మీది గుట్టపై ఉన్న ఆ మఠం పని కాలాన్ని కొలవడం. నీరు నింపిన గంగాళంలో, అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను తేలుస్తారు. రంధ్రం గుండా నీరెక్కి గిన్నె మునిగితే ఒక గడియ గడిచినట్లు. వెంటనే జేగంట కొడతారు. ఆ మోత విని కింది పల్లెల రైతులు కాలువ నీటి వంతులు మార్చుకుంటారు. మఠంలో జేగంట కొట్టేది ఎప్పుడూ పెద్ద గిన్నెను బట్టే.

మఠానికి పెద్ద ఏకామ్ర సిద్ధాంతి. ఆయనకు చూపు మందగించింది. భార్య పోయిన నాటినుంచి మాట కూడా తగ్గింది. రాబోయే సూర్యగ్రహణం పట్టే వేళను, విడిచే వేళను కొలవడానికి ఆయన ఒక శిష్యుణ్ణి నియమించాలి. తరువాతి పంచాంగాలను గుణించేది ఆ కొలతతోనే. ఆనాడు గంగాళం ముందు కూర్చున్నవారే ఆయన అనంతరం మఠాన్ని నడపాలి. ఆ పీట తనదేనని వామనుడు ఏనాడో స్థిరపరచుకున్నాడు.

గౌరాంబ పొరుగూరి కరణంగారి కుమార్తె. తండ్రి దగ్గర లెక్కలు నేర్చి, గ్రహగతులు నేర్చుకుంటానని రెండేళ్ల కిందట గుట్ట ఎక్కి వచ్చింది. సిద్ధాంతి ఆమెకు ఒక లెక్క ఇచ్చి, జవాబు విని, మారు మాట లేకుండా చిన్న గిన్నె ముందు కూర్చోబెట్టాడు. అంతకు ముందు ఆ గంగాళాల గదిలో ఏ స్త్రీ అడుగు పెట్టలేదు.

జేగంట ఆలస్యంగా మోగుతోందని ఆమె మొదటిసారి అన్నప్పుడు వామనుడు నవ్వాడు. ఆ రాత్రి నవ్వు రాలేదు. పెద్ద గిన్నె సిద్ధాంతిగారి గురువుకు గురువు చేయించినది. అది తప్పు చెప్పడమేమిటి? ఈ అమ్మాయే ఏదో చేస్తోంది. వేలితో గిన్నె అంచును అదుముతోందేమో. ఎవరూ చూడని వేళ రంధ్రాన్ని పెద్దది చేసిందేమో. గురువుగారే జాలిపడి జవాబులు చెప్పి పెడుతున్నారేమో.

మరునాటి నుంచి అతడు ఆమెను కనిపెట్టి చూడసాగాడు. చెప్పకుండా గంగాళంలో నీరు మార్పించాడు. ఆమె భోజనానికి వెళ్లినప్పుడు గిన్నెను త్రాసులో పెట్టి తూచాడు. గిన్నెకు జిడ్డు అంటిందని వంక పెట్టి, రోజూ చింతపండుతో తోమి తెమ్మని ఆజ్ఞాపించాడు. ఆమె తోమి తెచ్చింది. ఒకనాడు ఆమెను దూరంగా కూర్చోమని, ముంగిట్లో నాటిన కర్ర నీడ మిట్టమధ్యాహ్నం నేలమీది గీతను తాకిన క్షణం నుంచి మరునాడు అదే నీడ అదే గీతను తాకేవరకు తానే చిన్న గిన్నెను తేల్చాడు. సరిగ్గా అరవై గడియలు వచ్చాయి. ఒక రోజుకు ఉండవలసినవి అన్నే.

తప్పు దొరకకపోయేసరికి అతడి అనుమానం మరింత ముదిరింది. ఇంత సరిగ్గా రావడంలోనే ఏదో మోసం ఉందనిపించింది. మరునాడు స్తంభం చాటున నిలబడి ఆమె చేతులనే చూస్తూ ఉన్నాడు. గౌరాంబ తల తిప్పలేదు.

"వామనయ్యగారూ, అక్కడ గాలి ఎక్కువ. ఇటు వచ్చి పీట మీద కూర్చుని అనుమానించండి" అంది.

గదిలో ఉన్న మరో ఇద్దరు శిష్యులు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయారు. వామనుడు అక్కడినుంచి నేరుగా గురువు దగ్గరికి నడిచాడు.

గ్రహణం ముగిసేదాకా గౌరాంబను గంగాళాల గదిలోకి రానివ్వకూడదని అతడు కోరాడు. తాను చేసిన పరీక్షలన్నీ వరుసగా విన్నవించాడు. సిద్ధాంతి ఓపికగా విని, ఆమెను కూడా పిలిపించి, అవే మాటలు ఆమె ఎదుట చెప్పమన్నాడు. వామనుడు మళ్లీ చెప్పాడు. ఈసారి కాస్త మెల్లగా.

గౌరాంబ ముఖం ఎర్రబడింది. ఆమె తలెత్తింది.

"గిన్నెను ఎన్నిసార్లయినా అనుమానించండి, అయ్యగారూ. అందుకే తోమమన్నప్పుడల్లా తోమాను. నా వేళ్లను అనుమానించారు చూడండి, అది మాత్రం నేను ఓర్చుకోలేను. నన్ను పంపించదలిస్తే గిన్నెలో తప్పు చూపించి పంపండి."

సిద్ధాంతి వామనుడి వైపు తిరిగాడు. "ఆమె గిన్నెలో ఏం దొరికింది?"

"ఏమీ దొరకలేదండీ. అదే నా అనుమానం."

"పెద్ద గిన్నెను కూడా నీడ నుంచి నీడ వరకు తేల్చి చూశావా?"

వామనుడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఆ గిన్నెకు అతడు ప్రతి ఉదయం నమస్కరించి, పసుపు పూసి, కుంకుమ పెట్టేవాడు. తడి ఆరాక పసుపు చెదరకుండా మెత్తని గుడ్డతో అద్దేవాడు. ఇక మధ్యాహ్నం నీడ గీతను తాకగానే, గిన్నె ఏ స్థితిలో ఉన్నా ఎత్తి కొత్తగా తేల్చడం మఠం ఆచారం. రోజులో చివరి గడియ నిండిందో లేదో చూసినవారు లేరు. అలాంటి గిన్నెను పరీక్షించడం అపచారం కాదా అని అతడు అడిగాడు.

సిద్ధాంతి రెండు గిన్నెలనూ ముంగిట్లోకి తెప్పించాడు. ఎండ తీవ్రంగా ఉంది.

"అరచెయ్యి చాపు, నాయనా. నా కళ్లకు అందదు. నీవే చూసి చెప్పు."

ఆయన చిన్న గిన్నెను వామనుడి అరచేతికి పైగా, సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాడు. గిన్నె నీడ నడుమ ఒక వెలుగు చుక్క పడింది. గుండ్రంగా, ఆవగింజలా ఉంది. వామనుడు ఆ మాటే చెప్పాడు.

తరువాత పెద్ద గిన్నెను పట్టుకున్నాడు. మళ్లీ చుక్క పడింది. వామనుడు చేతిని కొంచెం జరిపాడు. గిన్నెను కాస్త తిప్పమని అడిగాడు. గురువు తిప్పాడు. చుక్క మారలేదు. ఒక పక్క ఎవరో కాస్త కొరికినట్లు ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగాడు సిద్ధాంతి.

వామనుడు అరచేతినే చూశాడు. గురువుకు కనబడదు. గౌరాంబ దూరంగా నిలబడింది. ఆమె వచ్చి తొంగి చూస్తుందనుకున్నాడు; ఆమె రాలేదు. ఆ అరచేతిలో ఏముందో తెలిసినవాడు తానొక్కడే. గుండ్రంగా ఉందని ఒక్క మాట అంటే చాలు, పీట తనది.

గిన్నె బరువుకు ముసలి చెయ్యి మెల్లగా కిందికి వాలసాగింది. చుక్క కూడా వామనుడి అరచేతిలో పక్కకు జరిగింది.

"గుండ్రంగా లేదండీ" అన్నాడు వామనుడు. "ఒక పక్క కాస్త మూసుకుపోయింది."

సిద్ధాంతి గిన్నెను తిప్పి, రంధ్రం అంచును గోటితో గీకాడు. గట్టిపడిన పసుపు పొరలు పొరలుగా రాలింది.

"గ్రహణం నాడు చిన్న గిన్నె తేలుతుంది" అన్నాడు సిద్ధాంతి. "గౌరాంబ కూర్చుంటుంది."

వామనుడు పెద్ద గిన్నెను ఈ పూటే కడిగేయవచ్చునన్నాడు. ఇన్ని తరాల గిన్నెను పక్కన పెట్టవలసిన పని లేదన్నాడు. చివరికి ఆగలేక అడిగాడు.

"ఆ అమ్మాయి మీద మీకంత నమ్మకమా, గురువుగారూ?"

సిద్ధాంతి చేతికి అంటిన పసుపును పంచెకు తుడుచుకున్నాడు.

"నమ్మకంతో పనేముంది, నాయనా? ఆమె గిన్నెను నీవు పరీక్షించావు. నీ గిన్నెను మేమందరం నమ్మాం."