పడమటి గోడ

మోకాళ్ల నొప్పులతో కొండకోట రాజు బురుజెక్కడం మానేసి మూడేళ్లయింది. అక్కణ్ణుంచి చుట్టూ కనబడేదంతా బురుజు కిందున్న తన గుండ్రటి గది గోడ మీద బొమ్మగా వెయ్యమని చిత్రకారుడు ముత్యాలప్పను పురమాయించాడు. ముత్యాలప్ప బురుజెక్కితే, దివాను పడమటి వైపు చూడనివ్వలేదు. మూడు దిక్కుల బొమ్మే తయారైంది. గోడ పావు వంతు ఖాళీ.

“ఉన్నదాన్నే సాగదీసి నింపెయ్. రాజుగారికేం తెలుస్తుంది?” అన్నాడు దివాను.

ముత్యాలప్ప చెప్పింది చెప్పినట్టే చేశాడు.

రాజు చూసి మండిపడ్డాడు. “ఏనుగేంట్రా మొసలిలా సాగింది? తూర్పున పారే ఏరు పొద్దు గుంకేచోటికి ఎలా వచ్చింది? చేతులు నరికిస్తాను!”

“మూడు దిక్కుల్ని నాలుగింటికి లాగితే ఇంతే ప్రభూ. ఇదంతా చెరిపి మూడింటినీ వాటి చోట వేస్తాను. పడమర మాత్రం నన్ను చూడనివ్వలేదు. అక్కడ గోడ కొట్టించి కిటికీ పెట్టించండి. అసలు పడమరే కనబడుతుంది.”

“గోడ కూలుతుంది ప్రభూ!” అన్నాడు దివాను. రాజు వినిపించుకోలేదు.

వారానికి కిటికీ తెరిచారు. కింద రాజుగారి పశువుల బీడు నడుమ మూడంతస్తుల కొత్త మేడ!

“ఎవడిదిరా అది?”

“నాకేం తెలుసు ప్రభూ, నన్ను చూడొద్దన్నారు,” అన్నాడు ముత్యాలప్ప రంగుల చిప్పలు సర్దుకుంటూ. “వద్దన్నవారు మీ పక్కనే ఉన్నారు.”